పెదవుల మీద పాట, బాట, మాట ఒక్కటే

లాల్ దర్వాజా అమ్మవారి గుడి దాటి గౌలిపురా వైపు నడిస్తే సందులో సందుగా ఒక పాత ఇల్లుంటుంది. నాకు చెల్లెలి వరుసయ్యే అమ్మాయి అత్తారిల్లు అది. కొన్నేళ్ల కిందట ఓ పొద్దున నేను వెళ్లేసరికి వాళ్ల అత్తగారు సానరాయి మీద తేనెచుక్క వేసి వసకొమ్ము అరగదీస్తోంది. రెండేళ్ల మనవడు ఆమె మోకాలికి ఆనుకుని ఆ చేతినే చూస్తున్నాడు. "వీనికి ఇంకా మాటలు వస్తలేవు బిడ్డా. వీళ్ల తాత గూడ నాలుగేండ్లకు పలికిండంట. వస నాకిస్తే అవే వస్తయ్" అంది. అంతకుముందు చిలక కొరికిన జామపండు వెతికి తెచ్చి పెట్టారు. ఎదురింటి ఆపా దువా చదివి ఊదిన నీళ్లు తాగించింది. ఆ పిల్లవాడి కోసం వీధంతా తలా ఒక చెయ్యి వేసింది.

వాళ్ల నాన్నకు మాత్రం లోపల గుబులుంది. నా ఎదురుగానే పిల్లవాడి వెనక నిలబడి స్టీలు పళ్లేన్ని గరిటెతో ఠంగుమనిపించాడు. వాడు చటుక్కున తిరిగాడు. "చూసినవా అక్కా, ఇనవడ్తది వీనికి" అన్నాడు. నేనూ తలూపాను. వస్తాయిలే, తొందరేముంది అన్నాను. అంతకుముందే ఒక డాక్టరు కూడా, మగపిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయని, మూడేళ్లదాకా చూద్దామని చెప్పి పంపారట. ఆ రోజు నేను తలూపకుండా ఉండాల్సింది. పళ్లెం మోగినప్పుడు పిల్లవాడు తిరిగింది చప్పుడుకో, గరిటె ఎత్తిన చేతి నీడకో, తాకిన గాలికో, వాళ్లమ్మ కళ్లు అటు తిరగడం చూసో ఎవరూ చెప్పలేరు. విననివాళ్ల కళ్లు చాలా చురుకు. పైగా చెవుడంటే అందరికీ నిశ్శబ్దం కాదు. చాలామందికి కొంత వినికిడి మిగిలి ఉంటుంది, అదీ ఎక్కువగా బొంగురు చప్పుళ్ల వైపు. బోనాల్లో డప్పు కొడితే ఆ దెబ్బ గుండెల్లోకి వస్తుంది. తలుపు దడాలుమంటే నేల అదురుతుంది. పిల్లవాడు ఉలిక్కిపడతాడు. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. కానీ మాటను మాటగా విడదీసే హల్లులు ఆ బొంగురు చప్పుళ్లలో ఉండవు. 'స', 'శ', 'త', 'చ' లాంటివి సన్నటి, పైస్థాయి ధ్వనులు. డప్పు వినబడే చెవికి 'చెప్పు', 'తప్పు' ఒకటే మసకగా చేరవచ్చు, అసలు చేరకనే పోవచ్చు.

తల్లిదండ్రులు మోసపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. పుట్టుకతో వినికిడి లేని పాపాయి కూడా మూడో నెలలో 'ఉంగా' అంటుంది, కిలకిలా నవ్వుతుంది, రాగాలు తీస్తుంది. అది గొంతు ఆట, చెవితో దానికి పెద్దగా పని లేదు. తేడా తెలిసేది ఆరేడు నెలల తర్వాత. వినే పిల్లలు ఆ వయసులో 'బబబ', 'దదద', 'తాతాతా' అని హల్లునూ అచ్చునూ కలిపి పేర్చడం మొదలుపెడతారు. తాత, మామ, అత్త, అమ్మ అనే మాటలన్నీ ఆ పేర్పులోంచి వచ్చినట్టే ఉంటాయి. విననివాళ్లకు ఆ దశ బాగా ఆలస్యమవుతుంది, లేదా రానే రాదు. పదకొండో నెల నిండినా పాపాయి నోట ఈ 'తాతాతా' రాకపోతే అప్పుడే పరీక్ష చేయించాలి. రెండేళ్లు ఆగడానికి ఏ కారణమూ లేదు.

అసలు పుట్టిన వారంలోనే తెలుసుకోవచ్చు. డేవిడ్ కెంప్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1978లో ఒక వింత విషయం కనిపెట్టారు. ఆరోగ్యంగా ఉన్న లోపలి చెవి చప్పుడును వినడమే కాదు, తిరిగి సన్నటి ప్రతిధ్వనిని బయటికి పంపుతుంది. చెవిలో చిన్న గొట్టం పెట్టి ఆ ప్రతిధ్వని వస్తోందో లేదో చూసేదే ఓఏఈ పరీక్ష. పాపాయి నిద్రపోతుండగా నిమిషాల్లో అయిపోతుంది. రెండోది బెరా. నుదుటి మీద, చెవుల వెనక చిన్న తీగలు అంటించి, చెవిలో టిక్కు టిక్కుమని చప్పుడు వినిపిస్తారు. చప్పుడైన పది మిల్లీసెకన్లలోపు మెదడు కాండంలో లేచే అలలు తెర మీద గీతలుగా పడతాయి. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు, పసిరికలు ముదిరి ఆస్పత్రిలో ఉన్నవాళ్లకు ఓఏఈ ఒక్కటే చాలదు. వాళ్లలో కొందరికి లోపలి చెవి బాగానే ఉండి ప్రతిధ్వని వస్తుంది కానీ, అక్కడి నుంచి మెదడుకు పోయే నరం దారిలో సందేశం చెదిరిపోతుంది. అందుకే వాళ్లకు బెరా తప్పనిసరి. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు తగిన సాయం మొదలవ్వాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వెతకమని చెప్పిన లోపాల్లో పుట్టుచెవుడు కూడా ఉంది. ప్రపంచవ్యాప్తంగా వెయ్యి మంది శిశువుల్లో ఒకరి నుంచి ముగ్గురి దాకా గట్టి వినికిడి లోపంతో పుడతారని అంచనా. పేట్లబుర్జు ప్రసూతి ఆస్పత్రి లాంటి చోట ఏటా ఎన్ని కాన్పులవుతాయో తెలిసినవాళ్లకు ఈ లెక్క చిన్నదిగా కనిపించదు.

మా పిల్లవాడికి కోఠిలో బెరా చేయించేసరికి రెండేళ్ల రెండు నెలలు. రెండు చెవుల్లోనూ అలలు లేవలేదు. ఆ కాగితం పట్టుకుని మా చెల్లెలు ఏడవలేదు. "ఇప్పుడేం చెయ్యాలె అక్కా" అని అడిగింది. ఆ ప్రశ్నకు తర్వాతి నెలలో ఆమెకు వచ్చినన్ని జవాబులు ఎవరికీ రాకూడదు. ఆపరేషన్ చేయించమన్నారు ఒకరు. మిషన్ పెట్టి చూడమన్నారు ఇంకొకరు. హాస్టల్లో వేయమన్నారు మరొకరు. మేనరికం చేసుకుంటే ఇంతేనన్నారు చుట్టాలు. గ్రహణం నాడు బయటికి వచ్చావా అని అడిగింది ఒకావిడ. వీటిలో చివరి రెంటికీ జవాబు ముందే చెప్పాలి. పుట్టుచెవుడులో దాదాపు సగం జన్యువుల వల్ల వస్తుంది. అందులో మన దేశంలో తరచుగా కనిపించేది జీజేబీ2 అనే జన్యువులోని మార్పు. ఆ మార్పు తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి వచ్చి కలిసినప్పుడే బిడ్డకు వినికిడి పోతుంది. ఇద్దరూ బాగా వినేవాళ్లే అయినా ఇద్దరిలోనూ ఆ మార్పు దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మేనరికంలో ఒకే మార్పు ఇద్దరిలోనూ ఉండే సంభావ్యత పెరుగుతుందన్న మాట నిజం. కానీ అది తల్లి చేసిన తప్పు కాదు. గ్రహణానికి ఇందులో పాత్రే లేదు.

చెల్లెలు అడిగిన ప్రశ్నకు జవాబు దొరకాలంటే మన భాషలో కలిసిపోయిన రెండు సంగతులను విడదీయాలి. తెలుగులో 'మాటలు వచ్చాయా' అంటే గొంతుతో పలకడమూ అదే, భాష రావడమూ అదే. మెదడుకు మాత్రం ఇవి రెండు. భాష అంటే పేర్లు, క్రియలు, నిన్న, రేపు, ఎందుకు, ఒకవేళ, నేను అనుకున్నది, నువ్వు అనుకున్నది అనే వాటిని అల్లే శక్తి. మాట ఆ శక్తి బయటికి వచ్చే ఒక దారి. మెదడు భాషను అల్లుకోవడానికి బిగుసుకోని కాలం ఒకటుంది, అది పుట్టకముందే మొదలవుతుంది. గర్భంలో ఆరో నెల నుంచే బిడ్డ తల్లి గొంతు వింటుంది. 1980లో ఆంథొనీ డికాస్పర్ చేసిన ప్రయోగంలో పుట్టి మూడు రోజులు కూడా నిండని శిశువులు, పరాయి గొంతు కన్నా తల్లి గొంతు వినడానికే పాలపీక చప్పరించే తీరును మార్చుకున్నారు. అంటే వినే బిడ్డ మూడు నెలల పాఠం పూర్తి చేసుకునే పుడుతుంది.

ఆ కాలం ఎలా బిగుసుకుంటుందో చెప్పే ప్రయోగంలో మన అక్షరాలే ఉన్నాయి. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధనలో ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన పిల్లలకు హిందీలోని 'ట', 'త' వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ రెంటినీ సులువుగా వేరు చేశారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ శక్తి పోయింది, ఇంగ్లీషుకు ఆ తేడాతో పనిలేదు కాబట్టి. మన ఇంట్లో పాపాయి అదే నెలల్లో 'టపాకాయ'కూ 'తపాలా'కూ తేడా ఉందని గట్టిగా ముద్ర వేసుకుంటుంది. పుట్టిన మొదటి ఏడాదిలోనే మెదడు కొన్ని తలుపులు తెరిచి ఉంచుకుంటుంది, కొన్ని మూసేస్తుంది. ఆ ఏడాదంతా ఏ భాషా అందని బిడ్డకు ఏమవుతుంది? అమెరికాలోని కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా ఇటానో బృందం 1998లో చూపింది ఇదే: ఆరు నెలల్లోపు వినికిడి లోపం బయటపడి సాయం అందిన పిల్లలు, ఆ తర్వాత బయటపడినవాళ్లకన్నా భాషలో స్పష్టంగా ముందున్నారు.

బిడ్డకు ఒకే గడియారం ఉంది. అది చెవి గడియారం కాదు, భాష గడియారం. ఇంట్లో పెద్దలు ఏ దారి మంచిదో తేల్చుకునే లోపు కూడా అది ఆగదు.

మొదటి దారి చెవిని బాగు చేసుకోవడం. లోపలి చెవిలో నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన గొట్టం ఉంటుంది. సాగదీస్తే మూడున్నర సెంటీమీటర్లు. అందులో దాదాపు పదిహేను వేల రోమకణాలు వరుసలుగా నిలబడి ఉంటాయి. గొట్టం మొదట్లో ఉన్నవి సన్నటి ధ్వనులకు, చివరనున్నవి బొంగురు ధ్వనులకు స్పందిస్తాయి. హార్మోనియం మెట్లను గుండ్రంగా చుట్టి పెట్టినట్టు. కొంత వినికిడి మిగిలి ఉన్నవాళ్లకు హియరింగ్ ఎయిడ్ చప్పుడును పెంచి ఆ కణాలకు అందిస్తుంది. కణాలు బాగా దెబ్బతిని ఉంటే ఎంత పెంచినా లాభం లేదు. అప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్. చెవి మీద పెట్టుకునే యంత్రం చప్పుడును విడగొట్టి, తల మీద అయస్కాంతంతో అతుక్కున్న బిళ్ల ద్వారా చర్మం లోపలికి పంపుతుంది. అక్కడి నుంచి నత్తగుల్లలో దూర్చిన సన్నటి తీగ నేరుగా నరాన్ని తట్టి లేపుతుంది. ఆ తీగ మీద ఉండేవి పన్నెండు నుంచి ఇరవై రెండు ఎలక్ట్రోడులు మాత్రమే. పదిహేను వేల కణాల పని ఇరవై రెండు మెట్లతో చేయించాలి. ఇంత కొద్దిపాటి సమాచారంతో మెదడు మాటను పోల్చుకోవడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. అయితే అది చేసేది లేత మెదడే. అనూ శర్మ, మైఖేల్ డార్మన్ బృందం 2002లో చూపినదాని ప్రకారం మూడున్నరేళ్లలోపు ఇంప్లాంట్ పెట్టిన పిల్లల్లో మెదడు వినికిడి స్పందన వయసుకు తగ్గట్టు సర్దుకుంది. ఏడేళ్లు దాటాక పెట్టినవాళ్లలో చాలామందికి సర్దుకోలేదు. వినికిడికి కేటాయించిన చోటు అప్పటికి వేరే పనులకు వెళ్లిపోయి ఉంటుంది.

ఈ ఆపరేషన్ ఖర్చు లక్షల్లో ఉంటుంది. పాతబస్తీలో గాజుల బట్టీలోనో జరీ మగ్గం దగ్గరో పనిచేసే ఇంటికి అది సొంతంగా అయ్యే పని కాదు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీలోకి ఈ ఆపరేషన్ రావడం వల్లే వేల ఇళ్లకు ఆ తలుపు తెరుచుకుంది. కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకం కూడా ఐదేళ్లలోపు పిల్లలకు ఇంప్లాంట్ ఇస్తుంది. దానికి నోడల్ సంస్థ పేరు హైదరాబాదీలకు కొత్తది కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసి, మహారాష్ట్ర గవర్నరుగా ఉండగా 1976లో మరణించిన నవాబ్ అలీ యావర్ జంగ్ పేరు మీద 1983లో ముంబైలో ఆ జాతీయ వినికిడి సంస్థ పుట్టింది. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఆస్పత్రి నుంచి తెల్ల బ్యాండేజీతో ఇంటికి వచ్చిన రోజే కథ అయిపోయిందనుకునే ఇళ్లను చూశాను. ఇంప్లాంట్ స్విచ్ వేసిన రోజున పిల్లవాడు 'అమ్మా' అనడు. చాలాసార్లు భయపడి ఏడుస్తాడు. ఆ క్షణాన అతని వినికిడి వయసు సున్నా. అక్కడి నుంచి ఏళ్ల తరబడి శిక్షణ ఉంటుంది. గౌలిపురా నుంచి బోయిన్‌పల్లి వైపున్న ఆ కేంద్రం దాకా రెండు బస్సులు మారి వెళ్లిరావాలి. యంత్రాన్ని మళ్లీ మళ్లీ సరిచేయించుకోవాలి. బ్యాటరీలు, వైర్లు, వానాకాలపు తేమ, పిల్లలాటలో ఊడి మోరీలో పడే బిళ్ల, వీటికయ్యే డబ్బును లెక్కలో ముందే వేసుకోవాలి. శిక్షణలో రోజూ పొద్దున యంత్రం పనిచేస్తోందో లేదో చూడటానికి డేనియల్ లింగ్ సూచించిన ఆరు ధ్వనులు పలికి చూస్తారు: ఆ, ఊ, ఈ, మ్, శ్, స్. బొంగురు నుంచి సన్నం దాకా మాట పరిధి అంతా ఈ ఆరింటిలో దాదాపు వచ్చేస్తుంది. మా చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక్కోటి పలికేది. వాడు విన్నప్పుడల్లా గిన్నెలో ఒక చింతగింజ వేసేవాడు. 'స్' అన్నప్పుడు చెయ్యి కదలని రోజున బ్యాటరీ మార్చేది.

నోటికి చెయ్యి అడ్డం ఎందుకంటే పెదవులు చూసి ఊహించకూడదని. చాలామంది అనుకుంటారు, విననివాళ్లు పెదవులు చదివేస్తారులే అని. అద్దం ముందు నిలబడి చప్పుడు చేయకుండా 'పాట', 'బాట', 'మాట' అని చూడండి. మూడూ ఒకటే. 'ప', 'బ', 'మ' మూడింటికీ పెదవులు ఒకేలా మూసుకుని తెరుచుకుంటాయి. తేడా అంతా గొంతులోనూ ముక్కులోనూ ఉంది. 'క', 'గ' అయితే పెదవుల దాకా రానే రావు. అప్పటికే భాష వచ్చిన మనిషి సందర్భాన్ని బట్టి పూరించుకోగలడు. భాష లేని పసివాడికి ఆ పూరించుకునే సామాను ఎక్కడిది? భాష రావడానికి పెదవులు చదవమనడం, వంట రావడానికి ముందే విందు వండిపెట్టమన్నట్టు.

రెండో దారి చేతులు. దీని మీదే గొడవ ఎక్కువ. 'సైగలు నేర్పకండమ్మా, సైగలు వస్తే మాటలు రావు, పిల్లాడు బద్ధకిస్తాడు' అని మా చెల్లెలికి ముగ్గురు చెప్పారు. ఈ మాట వయసు చాలా పెద్దది. 1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన బధిర విద్యావేత్తల సదస్సు బడుల్లో సంజ్ఞలు వద్దని తీర్మానించింది. ఓటు వేసినవాళ్లు దాదాపు అందరూ వినికిడి ఉన్నవాళ్లే. ఆ తర్వాత నూరేళ్లు దేశదేశాల్లో పిల్లల చేతులు కట్టేశారు. 2010లో వాంకూవర్‌లో అదే సదస్సు ఆ తీర్మానాలను తిరస్కరించి, వాటివల్ల కలిగిన హానికి విచారం ప్రకటించింది. మధ్యలో జరిగిందేమిటంటే, 1960లో విలియం స్టోకీ అమెరికన్ సంజ్ఞాభాషకు తనదైన వ్యాకరణం ఉందని చూపించారు. 1991లో లారా పెటిటో, పౌలా మారెంటెట్ చెవిటి తల్లిదండ్రుల చెవిటి పాపాయిలను గమనించి, వినే పాపలు 'తాతాతా' అనే వయసులోనే వీళ్లు వేళ్లతో అర్థం లేని సంజ్ఞా శకలాలను పేరుస్తారని కనుగొన్నారు. నోటితోనో చేతితోనో, మెదడు వెతుకుతున్నది భాషనే.

మన భారతీయ సంజ్ఞాభాష కూడా అలాంటి నిండు భాష. ఢిల్లీలోనూ కరాచీలోనూ పరిశోధించిన ఉల్రిక జెషాన్, రెండుచోట్లా పదాల్లో తేడాలున్నా వ్యాకరణం దాదాపు ఒకటేనని తేల్చారు. అందులో ప్రశ్న పదం వాక్యం చివర వస్తుంది: నీ, పేరు, ఏమిటి. ఇంగ్లీషు వరసకన్నా అది తెలుగు వరసకే దగ్గర. కనుబొమలు, తల ఊపు, భుజం వాలు అన్నీ వ్యాకరణంలో భాగాలే. మనం ఆకలికి పొట్ట తట్టి చూపే ఇంటి సైగ భాష కాదు. అయితే విననిపిల్లలు ఏ భాషా అందకపోతే ఆ ఇంటి సైగలనే ఒక క్రమంలో పెట్టుకుంటారని సూసన్ గోల్డిన్-మెడో చూపించారు. నికరాగ్వాలో 1977లో బధిరుల కోసం బడి తెరిచినప్పుడు అలాంటి సైగలతో వచ్చిన పిల్లలు ఆటస్థలంలో కలిసి కొన్నేళ్లలోనే కొత్త భాషను పుట్టించారు. పెద్దలెవరూ నేర్పలేదు. అంత ఆకలి ఉంటుంది మెదడుకు.

సంజ్ఞలు మాటకు అడ్డమా అన్న ప్రశ్నకు ఆధారాలు ఒకే వైపు లేవని నిజాయితీగా చెప్పాలి. 2017లో ఆన్ గియర్స్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, ఇంప్లాంట్ పెట్టుకుని సంజ్ఞలు వాడని ఇళ్ల పిల్లలు పలకడంలో, చదవడంలో ముందున్నారు. ఆ ఇళ్లలో ఎంతమంది నిజమైన సంజ్ఞాభాష నిండుగా వాడారో, ఎంతమంది మాట్లాడుతూ నాలుగు సైగలు జోడించారో ఆ లెక్కల్లో తేలలేదని, మాట రాని పిల్లల ఇళ్లే తర్వాత సైగల వైపు తిరిగి ఉండవచ్చని విమర్శలు వచ్చాయి. మరోవైపు, చెవిటి తల్లిదండ్రులకు పుట్టి, మొదటి రోజు నుంచి సంజ్ఞాభాషలో పెరిగి, తర్వాత ఇంప్లాంట్ పెట్టుకున్న పిల్లలు ఇంగ్లీషులో వినే పిల్లలతో సమానంగా ఉన్నారని 2014లో క్యాథరిన్ డేవిడ్సన్ బృందం చూపింది. ఆ పిల్లలు ఐదుగురే. 2021లో నయోమి కసెల్లి బృందం మరింత పెద్ద సంఖ్యలో చూసి, వినికిడి ఉన్న తల్లిదండ్రులు ఆరు నెలల్లోపు సంజ్ఞాభాష మొదలుపెట్టిన పిల్లలకు వయసుకు తగినన్ని పదాలు వచ్చాయని చెప్పింది. ఇవన్నీ చదివాక నాకు తోచింది ఒకటే. ఇంప్లాంట్ ఎంతమేరకు పనిచేస్తుందో ముందే చెప్పగల డాక్టరు ఎవరూ లేరు. ఒకరికి ఫోన్‌లో మాట్లాడేంత వస్తుంది, ఒకరికి తలుపు చప్పుడు దగ్గర ఆగిపోతుంది. ఆ ఫలితం తెలిసే నాలుగైదేళ్లపాటు బిడ్డ మెదడును ఖాళీగా కూర్చోబెట్టి పందెం కాయడం నాకు న్యాయంగా తోచదు. మాట దారి మూసేయక్కర్లేదు. చేతుల దారి కూడా తెరిచి ఉంచాలి.

'రెండూ అయితే పిల్లాడు కన్ఫ్యూజ్ అవడా' అని అడుగుతారు. పాతబస్తీలో ఉండి ఈ ప్రశ్న అడగడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. లాల్ దర్వాజాలో తెలుగు ఇంటి పిల్ల బయట దక్కనీలో బేరం ఆడుతుంది, బడిలో ఇంగ్లీషు చదువుతుంది, టీవీలో హిందీ చూస్తుంది. యాకుత్‌పురా పిల్ల దక్కనీలో పుట్టి పక్కింటి అవ్వతో తెలుగులో ముచ్చట పెడుతుంది. ఎవరికీ మతి పోలేదు. ఇంప్లాంట్ పెట్టాక 'ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి' అన్న సలహా విని, రాని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు కూడబలుక్కుంటున్న తల్లులను చూశాను. బిడ్డకు కావాల్సింది నిండైన భాష. అమ్మకు కోపం, గారం, వెటకారం, కథ అన్నీ ఏ భాషలో వస్తాయో ఆ భాషే మాట్లాడాలి, అది తెలుగైనా దక్కనీ అయినా.

సంజ్ఞాభాష నేర్చుకోవడం ఎక్కడ? మా పిల్లవాడి విషయంలో అది మూసీ దాటకుండానే దొరికింది. మలక్‌పేటలో ప్రభుత్వ బధిర పాఠశాల ఉంది. అలాంటి బడుల హాస్టళ్లే మన దగ్గర ఈ భాషకు పుట్టిళ్లు. తరగతిలో ఏ పద్ధతి నడిచినా, రాత్రి మంచాల మధ్య పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు దాన్ని అందించారు. అలా చదువుకుని పెరిగిన ఒక యువతి వారానికి రెండు సాయంత్రాలు గౌలిపురా ఇంటికి వచ్చేది. ఇప్పుడు ఇంకొన్ని దారులున్నాయి. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంజ్ఞాభాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి పదివేల పదాల వీడియో నిఘంటువు తెచ్చింది, ఫోన్‌లో చూడవచ్చు. 2024 డిసెంబరులో పీఎం ఈ-విద్య 31వ ఛానల్ సంజ్ఞాభాష కోసమే మొదలైంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం సంజ్ఞాభాషను గుర్తించింది. అయినా వీడియోలో నేర్చుకున్న పది పదాలకన్నా, ఆ భాషలో జీవించే ఒక మనిషి ఇంటికి రావడం మేలు. ఆమె వచ్చిన మొదటి రోజు పిల్లవాడు ఆమె చేతులను కాదు, ముఖాన్ని చూస్తూ ఉండిపోయాడు. చెవి యంత్రం లేకుండా, పెద్దదై, ఉద్యోగం చేస్తూ, నవ్వుతూ ఉన్న చెవిటి మనిషిని మా చెల్లెలు కూడా అదే మొదటిసారి చూడటం.

ఆమె నేర్పినవాటిలో పదాలకన్నా విలువైనది ఒకటుంది. మనం గోరుముద్ద పెడుతూ చందమామను చూపిస్తాం. పిల్ల చందమామను చూస్తుంటే చెవిలో మన మాట పడుతూ ఉంటుంది. కన్ను ఒక పని, చెవి ఒక పని చేస్తాయి. విననిపిల్లకు రెండు పనులూ కంటివే. చందమామను చూస్తుంటే అమ్మ చేతులు కనిపించవు, అమ్మ చేతులను చూస్తుంటే చందమామ పోతుంది. అందుకని ఆమె ముందు చూపించి, వాడు చూసి తిరిగి తన వైపు కళ్లు తిప్పేదాకా ఆగి, అప్పుడు పేరు చెప్పేది. లేదా వాడు చూస్తున్న దాని పక్కకే తన చేతిని తీసుకెళ్లేది. పిలవాలంటే భుజం మీద రెండుసార్లు తట్టేది. కిటికీకి వీపు పెట్టి కూర్చునేది కాదు, వెలుగు వెనక నుంచి వస్తే ముఖం చీకటవుతుంది కాబట్టి. మా చెల్లెలికి అన్నిటికన్నా కష్టమైంది ఆగడమే. వినే తల్లులు ఆగరు, మాట్లాడుతూనే ఉంటారు. నెల పట్టింది ఆమెకు.

వాడికి మూడేళ్లు నిండకముందే ఆపరేషన్ అయింది. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. యంత్రం ఉన్నప్పుడు నాయనమ్మ కేకకు పలుకుతాడు. 'స' ఇంకా 'త' లాగే వస్తుంది. స్నానానికి, నిద్రకు, బ్యాటరీ అయిపోయినప్పుడు యంత్రం తీసేస్తారు. అప్పుడు వాడు మళ్లీ వినని పిల్లవాడే, మాట్లాడేది చేతులతోనే. కిందటి ఎండాకాలం నేనక్కడ ఉండగా రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయింది. యంత్రం అప్పటికే డబ్బాలో పెట్టేశారు. చీకట్లో వాడికి చెవీ లేదు, కన్నూ లేదు. వాడి గొంతు బిగుసుకోవడం నాకు వినిపించింది. మా చెల్లెలు తడుముకుంటూ వెళ్లి వాడి భుజం మీద రెండుసార్లు తట్టి, ఫోన్ టార్చి వెలిగించి గోడకానించింది. ఆ వెలుతురులోకి రెండు చేతులూ పెట్టి చెప్పింది: నాన్న, దారిలో, వస్తున్నాడు. వాడు కాసేపు చూసి, తన చేతులు కూడా ఆ వెలుతురులోకి తెచ్చి అడిగాడు: మామిడిపండ్లు, తెస్తున్నాడా?